ఆర్డిత్ టీచరు గుండె

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోపు ఆర్డిత్ టిబొడో బయటికెళ్ళి కారు అద్దం మీది మంచు గీకేది. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సెయింట్ జాన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో చలికాలమంతా ఎవరింటి ముందు చూసినా అదే పని. సగం గీకాక కారు తలుపుకి ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకునేది. లోపలికొచ్చి నిలబడే కాఫీ తాగేది, కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదని. ఆ తర్వాత హైస్కూలుకి. పెళ్ళికి ముందు నుంచీ ఆమె అక్కడ జీవశాస్త్రం చెబుతోంది.

ఆమె గుండె సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ప్రాణమున్న దేన్ని ముట్టుకున్నా ఆమె గుండె దాని గుండెలాగే కొట్టుకునేది. ఆవు మెడ మీద చెయ్యేస్తే ఆవులా నింపాదిగా, కోడిని పట్టుకుంటే కోడిలా గబగబా. వదిలేస్తే కాసేపటికి సర్దుకునేది. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు ఆమెకిది, అంతే. చెట్లకి గుండె ఉండదు కాబట్టి వాటిని ముట్టుకుంటే ఏమీ అయ్యేది కాదు. అందుకే వేసవి సెలవుల్లో ఆమె పెరట్లో మొక్కల మధ్య తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

ఒకరోజు క్లాసులో రక్తప్రసరణ పాఠం. బల్ల మీద ఒక డబ్బాలో వానపాము, తొట్టిలో కప్ప, పంజరంలో తెల్ల ఎలుక. పిల్లలు స్టెతస్కోపు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

"ఇంక కప్పని పట్టుకోండి మేడమ్, కప్పని!"

"ఆగండర్రా. వానపాముకే నాకు ఆయాసం వచ్చింది."

ముందు బెంచీలో కూర్చునే మిరేయ్ అనే అమ్మాయి ఉండబట్టలేక అడిగింది. "వానపాముకి ఐదు జతల గుండెలు, కప్పకి మూడు గదుల గుండె, మనకి నాలుగు గదులది. ఇన్ని రకాలెందుకు మేడమ్? ఏదో ఒకటి సరిపోదా?"

"కణం వానపాముదైనా, ఆవుదైనా, నీదైనా ఆకలి ఒక్కటే మిరేయ్. తిండీ గాలీ దాని దగ్గరికి రావాలి. దాని చెత్త బయటికి పోవాలి. అదేమో కూర్చున్న చోటు నుంచి కదలదు. మోసుకొచ్చేవాళ్ళు ఎవరో ఒకరుండాలి కదా? ఎవరి ఒంటికి తగ్గ మోత వాళ్ళది. తేడా అక్కడే."

"పాపం, ఆ మోసేదానికి సెలవుండదా?"

"ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకునేలోపు చిన్న విరామం ఉంటుంది. గుండెకి దొరికే సెలవు అదే," అని ఆర్డిత్ ఎలుకని చేతిలోకి తీసుకుంది. దాన్ని మాత్రం ఆమె ఎక్కువసేపు పట్టుకోలేకపోయేది. కళ్ళు బైర్లు కమ్మేవి. పిల్లలకి అలవాటే కనక ఒకడు కుర్చీ లాగాడు, ఒకతె ఎలుకని తీసి పంజరంలో పెట్టింది. పాఠం సాగింది.

బడి అయ్యాక పశువుల డాక్టరు లూసియన్ సీర్ నుంచి ఫోను. ఈనలేకపోతున్న ఆవు ఒకటుంది, లోపల దూడ బతికుందో లేదో వచ్చి చెప్పమని. వెళ్ళింది. ఆదివారం చర్చిలో కడుపుతో ఉన్నవాళ్ళు ఆమె పక్కకి జరిగి కూర్చునేవారు, కాస్త చెయ్యి పెట్టి చూడమని. చూసేది. ఎవర్నీ కాదనలేదు. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై, బూట్లు విప్పడానికి కూడా వంగలేక అలాగే గుమ్మంలో బెంచీ మీద కూర్చుండిపోయేది.

ఇంట్లో భర్త రోజేర్ ఉండేవాడు. మనిషి మంచివాడే, మాట తక్కువ. కొన్నేళ్ళ కింద తండ్రి నాటి బంగాళాదుంపల పొలం అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు, ఆర్డిత్ చెయ్యి పట్టుకుని, "మంచి పనే చేశాం, నాకేం బాధ లేదు," అన్నాడు. ఆమె గుండె కుందేలులా పరుగెత్తింది. "నా దగ్గరెందుకు అబద్ధం?" అంది ఆమె, పాపం ఓదార్పుగానే. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత కొంతకాలానికి తనకి గురక ఎక్కువైందని మేడమీది గదిలోకి మారాడు. చేతులు జివ్వుమంటున్నాయని ఇంట్లో కూడా ఉన్ని చేతితొడుగులు వేసుకు తిరిగేవాడు. టీవీ చూసినా అవే, పేకాడినా అవే. పోస్టాఫీసులో పనిచేసే ఒడెట్ పేకాటకొచ్చినప్పుడల్లా, "ఏం రోజేర్, ఇంట్లో పొయ్యి వెలిగించడం మర్చిపోయారా?" అని ఆటపట్టించేది. పెళ్ళాం ముట్టుకుంటే లోపల ఉన్నదంతా బయటపడుతుందని, ఈ మనిషి తనకంటూ ఓ మూల తలుపేసుకున్నాడని ఆర్డిత్ అనుకుంది. బాధ వేసింది. అడుగుదామనుకుంది. అడగడానికి కూడా ఓపిక కావాలి. ఆ ఓపిక ఆవులకీ కప్పలకీ అయిపోయేది.

ఫిబ్రవరిలో ఒక శనివారం రోజేర్ పొయ్యి దగ్గర నిలబడి ప్లోయ్ అట్లు పోస్తున్నాడు. బక్‌వీట్ పిండి అట్లవి, ఒకవైపే కాలుస్తారు. ఆ ఇంట్లో శనివారం పొద్దున అట్లు పోసే పని అతనిది. గరిటె పట్టుకోవాలి కాబట్టి తొడుగులు తీసి కిటికీలో పెట్టాడు. రెండో అట్టు మీద చిల్లులు పడుతుండగా గరిటె కింద పడింది. రోజేర్ గట్టు అంచు పట్టుకుని ఒంగిపోయాడు. ఆర్డిత్ పరుగున వచ్చి, పడిపోకుండా అతని రెండు మణికట్లూ పట్టుకుంది.

మరుక్షణం ఆమె గుండె అడుగు తప్పింది. రెండు గబగబా కొట్టి, ఒకటి మింగేసి, సంచిలో వేసిన కప్పలా ఎటుపడితే అటు ఎగిరింది. అన్ని జంతువుల్ని పట్టుకుంది కానీ ఇలాంటి చప్పుడు ఆమె ఎన్నడూ ఎరగదు. అతనితో పాటే నేల మీద కూలబడింది.

"వదులు," అన్నాడు రోజేర్, ఊపిరందక. "వదులు ఆర్డిత్, నీకూ అంటుతుంది."

ఆమె వదల్లేదు. "ఎప్పట్నుంచి?"

"ముందు చెయ్యి వదలవే!"

"ఎప్పట్నుంచి అని అడుగుతున్నా."

అట్టు మాడి వాసన వచ్చింది. కాలు చాచి పొయ్యి మీట తిప్పి ఆర్పింది ఆమె. అతను గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పాడు. గురక అని చెప్పి మేడెక్కిన ఆ చలికాలం నుంచే. మంచు మీద నడిపే బండి విడిభాగాల కోసమని బాంగోర్ పట్నం వెళ్ళినప్పుడల్లా వెళ్ళింది గుండె డాక్టరు దగ్గరికి. గుండె కండరం వదులైపోయిందట, లయ తప్పిందట. మాత్రలిచ్చారు. ఛాతీ మీద కరెంటు పెట్టి కుదుపిచ్చారు. వారం బాగుండేది, మళ్ళీ మామూలే. ఈ మధ్య వాళ్ళూ చేతులెత్తేశారు.

"నాకు చెప్పాలని లేదా నీకు?"

"చెబితే నువ్వు చెయ్యి పట్టుకుంటావు. నాకు తెలుసుగా నీ సంగతి. ఆవు కోసం అర్ధరాత్రి పరుగెత్తే దానివి."

ఆ మూసిన తలుపుని చూసి ఇన్నాళ్ళూ తాను బాధపడింది. తలుపుకి అవతల ఇతను వీపు ఆనించి కూర్చున్నాడు, లోపలిది బయటికి రాకుండా. ఏడుద్దామంటే ఏడవడానికి సత్తువ లేదు. అతని చేతుల్ని తన ఒళ్ళోకి లాక్కుంది.

"గుండె కణాలు ఎలా ఉంటాయో తెలుసా నీకు? రెండింటిని విడిగా గాజు పళ్ళెంలో పెడితే దేని దారిన అది కొట్టుకుంటుంది. దగ్గరికి జరిపి ఒకదానికొకటి తగిలేలా చేస్తే కాసేపటికి ఒకే లయలో పడతాయి."

"ఎవరి మాట నెగ్గుతుంది?"

"మామూలుగా అయితే తొందరపడేదే నెగ్గుతుంది."

"అయితే నాదే. నా భయమూ అదే."

"కప్పలకి లొంగాను, ఎలకలకి లొంగాను, లూసియన్ ఆవులకి లొంగాను. నీ దగ్గరైనా ఒకసారి మొండికేయనీ నన్ను," అంది ఆమె.

మొండికేయడం ఎలాగో ఆమెకి తెలియదు. జన్మలో ఎప్పుడూ తన గుండెకి అడ్డు చెప్పలేదు. అతన్ని లేపి బల్ల దగ్గర కూర్చోబెట్టి, తనూ కుర్చీలో సరిగ్గా కూర్చుని, అతని వేళ్ళలో వేళ్ళు పెట్టి, నిదానంగా ఊపిరి తీసుకుంటూ, గుండె కొట్టుకోబోయిన ప్రతిసారీ దాన్ని లోపలి నుంచి ఆపి, పట్టి, సమయానికి వదిలింది. బరువైన తలుపుని గాలికి మూసుకోకుండా భుజంతో పట్టుకోవడం లాంటి పని అది. పదిసార్లు చేజారింది. మధ్యాహ్నం మంచు మీద ఎండ పసుపు రంగుకి తిరిగేవేళ, కాసేపంటే కాసేపు ఇద్దరి గుండెలూ ఒకే తీరున నడిచాయి. రోజేర్ ముఖంలోకి రంగొచ్చింది. మళ్ళీ తప్పాయి. "రేపు మళ్ళీ చూద్దాం," అని ఆమె బల్ల మీద తల వాల్చేసింది.

మిగిలిన చలికాలమంతా వాళ్ళిద్దరూ చేతులు పట్టుకునే ఉన్నారు. రోజేర్ మేడ దిగి పాత గదికి వచ్చేశాడు. ఆర్డిత్ బడికి సెలవు పెట్టింది. ఒంటిచేత్తో అట్లు పోశారు, ఒంటిచేత్తో బట్టలు మడిచారు. ఒకరి కోటు గుండీలు ఒకరు పెట్టుకుంటూ కసురుకున్నారు కూడా.

"లాగకు. నా చెయ్యి ఊడొస్తుంది."

"నువ్వే నత్తలా నడుస్తున్నావు."

"ఎవర్ని మోస్తూ నడుస్తున్నానో తెలుసా?"

చర్చిలో వాళ్ళ కోసం బెంచీ చివర ఇద్దరి చోటు వదిలేవారు. పోస్టాఫీసులో ఒడెట్ పొట్లాన్ని ఖాళీగా ఉన్న చేతికి అందించేది. లూసియన్ ఫోను చేయడం మానేసి, వారానికోసారి పాలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. చూస్తే తెలిసిపోయేదే కదా.

రోజులు గడిచేకొద్దీ రోజేర్ మెట్లు ఆగకుండా ఎక్కసాగాడు. మార్చిలో వాకిట్లో మంచు తనే ఎత్తిపోశాడు, ఎడంచేత్తో పార పట్టుకుని. పక్కన ఆర్డిత్ అతని కుడిచేతిని పట్టుకుని, దుప్పటి కప్పుకుని, కుర్చీలో కూర్చుంది. ఆమెకి నిలబడటం కష్టంగా ఉండేది. సూపు చెంచా ఎత్తితే చెయ్యి బరువెక్కేది. "ఇంక చాలు, వదిలెయ్," అని అతను రోజూ అనేవాడు. "నా లయ నీకింకా అంటుకోలేదు, ఆగు," అనేది ఆమె, గోడకి కాగితం అంటిస్తున్నట్టు.

నది మీద మంచు పగిలిన వారంలో బాంగోర్ వెళ్ళారు. డాక్టరు కుర్రవాడు. రోజేర్ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. వీపు మీద పెట్టి విన్నాడు. తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీయించి, వాటిని వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"ఒకసారి ఆవిడ చెయ్యి వదలండి," అన్నాడు.

రోజేర్ ఆర్డిత్ వైపు చూశాడు. ఆమె తలూపింది. వేళ్ళు విడివడ్డాయి. చెమట పట్టి, పాలిపోయి, ముడతలు పడిన రెండు చేతులు. డాక్టరు మళ్ళీ విన్నాడు. రోజేర్ గుండె ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా, పొలం దున్నే మనిషి నడకలా ఒకే తీరున నడుస్తోంది.

"కండరం కూడా బిగిసింది," అన్నాడు డాక్టరు మెల్లగా. "మీరింక మూడు నెలలకోసారి కనిపిస్తే చాలు."

రోజేర్ చొక్కా తొడుక్కోవడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు. డాక్టరు లేవబోతూ, గోడకి చేరగిలబడ్డ ఆర్డిత్ పెదవుల రంగు చూసి ఆగాడు. అడగకుండానే ఆమె దగ్గరికొచ్చి స్టెతస్కోపు పెట్టాడు. రెండు గబగబా, ఒకటి మాయం, మళ్ళీ ఒకటి ఆలస్యంగా. ఆమె ఎవర్నీ ముట్టుకోకుండా కూర్చుని ఉంది. అయినా అది ఆమెలోనే ఉండిపోయింది.

"ఇది మీకెప్పట్నుంచి ఉంది?"

"ఫిబ్రవరి నుంచి. కంగారు పడకండి, రోజేర్‌లో ఉన్నంత తీవ్రంగా లేదు. నా దగ్గరికొచ్చేసరికి అదీ అలిసిపోయింది."

"మాత్రలు రాస్తాను. సరిచేయడానికి ప్రయత్నిద్దాం. మీకింకా వయసుంది."

ఆర్డిత్ చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది. "వద్దు డాక్టర్. సరిచేస్తే అది ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. వెనక్కి ఆయన దగ్గరికి పోతే? నా దగ్గరే ఉండనివ్వండి. నేను నెమ్మదిగా నడుస్తాను, అంతే."

రోజేర్ నేల వైపు చూస్తూ, "కారు వేడెక్కిస్తాను," అని లేచి బయటికి వెళ్ళిపోయాడు. తలుపు అవతల అతను కాసేపు కదలకుండా నిలబడటం అద్దంలోంచి కనిపించింది.

ఆసుపత్రి నడవా పొడుగునా ఉన్న కుర్చీల్లో ఒక్కోదాంట్లో కాసేపు కూర్చుంటూ ఆర్డిత్ గుమ్మం దాకా వచ్చింది. కారు మెట్ల దగ్గరే ఉంది. రోజేర్ ముందు సీటు వెనక్కి వాల్చి, తన కోటు మడిచి తలగడలా పెట్టాడు.

"పడుకో. ఇల్లొచ్చాక లేపుతాను."

"మధ్యలో కాఫీకి ఆపు."

"ఆపుతాలే."

ఊరి చివర వంతెన దాటకముందే ఆమె నిద్రపోయింది. అతను కాఫీకి ఆపలేదు. ఇల్లు చేరేదాకా రేడియో పెట్టలేదు, ఆమె ఊపిరి వినబడుతూ ఉండాలని.