ఒకే పడవ నాలుగుసార్లు

నాలుగింటికల్లా నివేదిక అచ్చుకు పోవాలి. రెండున్నర దాటినా ఆమెకు ఒకచోట కాలు నిలవడం లేదు. సీసాలో నీళ్ళు నింపుకొచ్చింది, తాగలేదు. కిటికీ తెరిచింది, మళ్ళీ మూసింది. కాలుగాలిన పిల్లిలా ఎందుకలా తిరుగుతున్నావని పక్క బల్ల పెద్దావిడ విసుక్కుంది కూడా.

సరిహద్దు కాపలా సామగ్రికీ, సముద్రం మీద నిఘా పెట్టే రాడార్లకూ వచ్చే అయిదేళ్ళలో గిరాకీ ఎంత పెరుగుతుందో అంచనా కట్టి, వాటిని అమ్మే కంపెనీలకు నివేదిక రాయడం ఆమె పని. ఈసారి అంచనా అంతా ఒక్క గ్రాఫు మీద నిలబడింది: తీరంలో గుర్తు తెలియని పడవలు రెండేళ్ళలో మూడింతలయ్యాయని. గీత నిచ్చెనెక్కినట్టు పైకి పోయింది. ఏ గ్రాఫు కిందైనా దాన్ని లెక్కగట్టినవాళ్ళ పేరు వేయడం ఆ ఆఫీసు పద్ధతి. దీని కింద ఆమె పేరుంది.

పొద్దున అన్నయ్యకు ఫోన్ చేయడమే కొంప ముంచింది. అతను తీరంలోని నిఘా కేంద్రంలో రాడార్ తెర చూస్తుంటాడు, కాంట్రాక్టు ఉద్యోగం. పడవలు పెరిగాయని అతని నోట ఒక్క మాట చెప్పించుకుందామనుకుంది. అతను పకపకా నవ్వాడు.

"ఎక్కడ పెరిగాయే? ఉన్నవే అవి."

ఇదివరకు పడవ పోవడమూ రావడమూ కేంద్రంలోని పుస్తకంలో చేత్తో ఒకే వరుసలో రాసేవారట. కొత్త యంత్రానికి ఆ ఓపిక లేదు. అలల చాటున తెర మీది చుక్క కాసేపు మాయమైతే దాన్ని మరిచిపోతుంది, మళ్ళీ కనబడగానే కొత్త పడవని కొత్త నంబరిస్తుంది. మొన్న గాలిరోజున వాళ్ళ మేనమామ చేపల పడవ ఒక్కటే నాలుగు పడవలైంది.

"గస్తీవాళ్ళు మావయ్యను పట్టుకుని, మిగతా మూడూ ఎక్కడ దాచావని అడిగారు. పూటంతా ఎండలో కూర్చోబెట్టారు. పట్టిన చేపలన్నీ కుళ్ళిపోయాయి."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అన్నయ్య గొంతు తగ్గించాడు. ఈ అంకెలు చూపించే తన పైవాళ్ళు పక్కన రెండో కేంద్రం అడుగుతున్నారనీ, అది వస్తేనే తనను పర్మినెంటు చేస్తారనీ, తను చెప్పినట్టు ఎక్కడా రాయొద్దనీ అన్నాడు.

చేత్తో రాసే కేంద్రాలు ఇంకా మూడున్నాయి. వాటి లెక్కలు విడిగా తీసి చూస్తే పెరిగింది నూటికి ఆరు. ఆ కాగితం పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"రాడార్లు అమ్మేవాడికి రాడార్ లెక్క తప్పుతుందని చెప్పే పుస్తకం అమ్ముదామంటావా తల్లీ?"

అయినా ఆయన మరీ మొండిమనిషి కాదు. మూడు కేంద్రాల లెక్క చాలదన్నాడు. తెర ముందు కూర్చునే మనిషి ఎవరైనా చెప్పి ఉంటే, ఏ కేంద్రమో రాసి గ్రాఫు మార్చుకోమన్నాడు. లేదంటే ఉన్నది ఉన్నట్టే పోతుంది.

మూడుంబావుకు మెట్ల దగ్గర నిలబడి అన్నయ్యకు మళ్ళీ ఫోన్ కలిపింది. నీ మాట ఎక్కడా రాదు, గ్రాఫు కింద నా పేరు తీసేసుకుంటాను, అంతే, అని గబగబా చెప్పేసింది.

"నీ పేరు తీస్తే ఇంకెవరిదో పెడతారు," అన్నాడతను. "మావయ్య ఇవాళ మళ్ళీ వేటకు పోయాడే. ఇప్పుడు తెర మీద ఇద్దరుగా ఉన్నాడు. గస్తీ పడవ బయల్దేరింది."

"మరి నువ్వు చెప్పు వాళ్ళకి."

"మొన్నా చెప్పాను. మిషన్‌ని నమ్మాలా నిన్ను నమ్మాలా అన్నారు. రాసెయ్, అచ్చులో చూస్తేనన్నా నమ్ముతారేమో. మా కేంద్రం పేరు పెట్టే రాయి," అన్నాడు.

"నీ ఉద్యోగం అన్నయ్యా? వదినతో ఒక్క మాటైనా..."

"ముందు రాయవే. నేను వైర్‌లెస్‌లో మాట్లాడాలి." పెట్టేశాడు.

పాత గ్రాఫు తీసేసి కొత్తది పెట్టింది. కింద తన పేరు ఉంచి, దాని పక్కన అన్నయ్య కేంద్రం పేరు టైపు చేసింది. నాలుగుకు అయిదు నిమిషాలుండగా పంపించింది. అద్దాల గదిలో మేనేజరు తల వంచి చదవడం మొదలుపెట్టాడు.

అన్నయ్య ఫోన్ ఎంగేజ్ వస్తోంది. వదినకు చేద్దామనుకుంది. ఆవిడ ఎత్తితే ఏమని మొదలుపెట్టాలో తోచక, మళ్ళీ అతనికే కలిపింది.