ఎకో పెట్టె చెప్పలేని పేరు

నేను ఒక ఎకో పెట్టెను. ఒక మాట నాలోకి వస్తే దాన్ని నాలుగైదు సార్లు తిరిగి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కాస్త మెల్లగా చెప్పి, చివరికి వదిలేస్తాను. కొండ ముందు నిలబడి కేకేస్తే కొండ చేసే పనే ఇది. కాకపోతే కొండను ఎవరూ ఆటోలో ఎక్కించి ఊళ్లు తిప్పరు, ఒకరి చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టరు. నన్ను ఎవరైనా ఎత్తినప్పుడల్లా మళ్లీ ఈ గడపలోకి రానేమోనని గుబులు పుడుతుంది. చాలాసార్లు ఆ గుబులే నిజమైంది.

నన్ను తయారుచేసింది కాకినాడలో రేడియోలు బాగుచేసే మీరాసాహెబు. ఇలాంటి విదేశీ యంత్రాన్ని ఎక్కడో ఒక రికార్డింగు గదిలో అద్దంలోంచి పావుగంట చూశాడట. ఆ పావుగంటను గుర్తుపెట్టుకుని ఏడాదిన్నర పనిచేశాడు. టేకుచెక్క పెట్టె, పాత టేప్‌రికార్డరు మోటారు, రెండు కొసలూ కలిపి అతికించిన మూరెడు టేపు రిబ్బను. రిబ్బను ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఒకచోట ఉన్న హెడ్డు మాటను దానిమీద రాస్తుంది, కాస్త ఇవతల ఉన్న హెడ్లు దాన్ని చదివి వినిపిస్తాయి. రాసే చోటునుంచి చదివే చోటికి రిబ్బను నడవడానికి పట్టే ఆ రవ్వంత ఆలస్యమే నా విద్యంతా.

మొదటిరోజు మైకు పట్టుకుని ఏమనాలో తోచక ఆయన భార్యను పిలిచాడు. "ఖదీజా!" అన్నాడు. నేను అయిదుసార్లు పిలిచాను. వంటింట్లోంచి ఆవిడ, "చెవుడేం రాలేదు నాకు. ఒకసారి పిలిస్తే చాలు!" అంది. ఆ ఇంట్లో నేనున్నది పన్నెండు రోజులు. నన్ను కొనుక్కున్నవాళ్లకు అప్పగించేటప్పుడు ఆయన మూతమీద రెండుసార్లు తట్టాడు. మళ్లీ ఆయన్ని చూడలేదు.

పాటకచేరీలవాళ్లు నన్ను పదకొండేళ్లు తిప్పారు. మనుషుల సంగతి నాకు అక్కడ తెలిసింది. ఇంట్లో నోరెత్తని మనిషి కూడా నా ముందుకొచ్చి "హలో" అనగానే, ఆ హలో పందిరంతా తిరిగి తన చెవికే వచ్చేసరికి ఛాతీ విరుచుకుంటాడు. తన గొంతు అంత పెద్దదనుకుంటాడు. పెద్దది గొంతు కాదు, నాలోని మోటారు. నేనెప్పుడూ బయటపెట్టలేదు. తరవాత కీబోర్డుల్లోనే ఎకో వచ్చేసింది. నన్ను మూల పెట్టారు. కచేరీ బృందం విడిపోయినరోజు తబలాలకూ గిటారుకూ తలా ఒక మనిషి వచ్చి తీసుకుపోయాడు. నాకోసం నూకరాజు వచ్చేదాకా ఎవరూ రాలేదు.

నూకరాజుది గాజువాకలో ఇనపసామాన్ల కొట్టు మీద మేడగది. గోడలకు గుడ్ల అట్టలు, కిటికీకి బొంత. దాన్నే స్టూడియో అనేవాడు. అప్పటికి ఒక కంప్యూటరు కొన్నాడు కానీ, మైకు తగిలించే రంధ్రాలు రెండు ఉంటే ఒకటి చచ్చిపోయింది. అక్కడికి వచ్చేవాళ్లు మెటల్ అనే సంగీతం వాయించేవాళ్లు. గిటార్లు రంపంలా కోస్తాయి, డ్రమ్ములు రెండు కాళ్లతోనూ తొక్కుతారు, పాడేవాడు పొట్టలోంచి గర్జిస్తాడు. మొదటివారం నా మూత అదిరి మేకు ఊడింది.

పాడేవాడి పేరు గౌరునాయుడు. వాడి తండ్రి పోత కార్ఖానాలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం కరిగిన ఇనుము మోసే బకెట్టు గొలుసు తెగి ఆరుగురు పోయారు. అందులో ఆయన ఒకడు. కార్ఖానావాళ్లు గేటు దగ్గర రాయి వేయిస్తామన్నారు, పేర్లు చెక్కిస్తామన్నారు. పదేళ్లయినా రాయి రాలేదు. ఏటా ఆ రోజున ఆరు కుటుంబాలూ గేటు ముందు నిలబడి కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోతాయి. ఈసారి అక్కడ స్పీకరు పెట్టి ఒక పాట వినిపించాలని గౌరు పట్టుబట్టాడు. పాట చివర గిటార్లు ఉరుముతుండగా ఆరు పేర్లూ ఒకదాని వెంట ఒకటి పిలుస్తాడు. ఆ పేర్లు వినబడాలి. వాడికి కావలసింది అంతే.

వాడి తల్లి అప్పయ్యమ్మ అన్నం క్యారియరు పట్టుకుని రోజూ వచ్చేది. కొడుకు గర్జిస్తుంటే చెవులు మూసుకుని కూర్చునేది.

"ఒరే గౌరూ, పులి పట్టుకున్నట్టు ఆ అరుపులేటిరా? మీ బాబు ఇంటే పారిపోతాడు."

"బాబు కార్ఖానాలో దీనికన్నా పెద్ద చప్పుడిన్నాడమ్మా. ఇది ఆయనకి జోలపాట" అనేవాడు గౌరు.

"జోలపాటంట! నూకరాజూ, నువ్వైనా సెప్పు నాయనా."

"నానేటి సెప్తాను పిన్నీ? ఈడు అరవకపోతే నాకు పనేటుంది?"

నవ్వులాటలు అలా సాగుతుండగానే గౌరు గొంతు బొంగురుపోవడం మొదలైంది. స్వరపేటిక మీద చిన్న కాయ ఉందన్నారు డాక్టర్లు. తీసేస్తే రెండు నెలలకు మళ్లీ పాడొచ్చన్నారు. సోమవారం ఆపరేషను. అందుకని శనివారమే పాట గొంతు రికార్డు చేసేద్దామనుకున్నారు.

ఇక్కడ జరిగిన పొరపాటు చెప్పాలి. తెలిసినవాళ్లు గొంతును ఒక తీగమీద ఉత్తదిగానే కంప్యూటరులోకి పంపి, ఎకోను వేరే తీగమీద పంపుతారు. అప్పుడు ఎకో నచ్చకపోతే తీసేయొచ్చు. నూకరాజుకు ఆ సంగతి తెలుసు. కానీ పనిచేసే రంధ్రం ఒకటే. పైగా చెవిలో ఎకో వినిపిస్తే గౌరు ఇంకా బాగా పాడతాడు. మైకు తీగ నాకు తగిలించాడు, నా తీగ కంప్యూటరుకు తగిలించాడు. "కలిపే పట్టేద్దుం. తేడా వస్తే రెణ్ణెల్లాగి మళ్లీ పాడతాడు కదేటి" అన్నాడు.

పాట వేగాన్ని బట్టి నన్ను సరిచేశాడు. పేరుకూ పేరుకూ మధ్య ఉన్న సందులో నా జవాబు పడి, పై పేరు వచ్చేలోగా అణిగిపోవాలి. ఉదయం అలాగే పడింది. మధ్యాహ్నం ఎండ ముదిరి కరెంటు తగ్గింది. ఫ్యాను నీరసించింది. నా మోటారూ నీరసించింది. రిబ్బను కాస్త, వెంట్రుకంత, మెల్లగా నడిచింది. గౌరు పేర్లు మొదలుపెట్టాడు. "లచ్చన్నా!" అన్నాడు. నేను "లచ్చన్నా" అనేసరికి వాడు "పోలినాయుడూ!" అంటున్నాడు. లచ్చన్న పోయి పోలినాయుడి మీద పడ్డాడు, పోలినాయుడు వెళ్లి రాములు మీద పడ్డాడు. నాకు తెలుస్తూనే ఉంది. ఆపలేను. నాలోకి వచ్చినదాన్ని తిరిగి చెప్పడం తప్ప నాకు ఇంకేమీ రాదు. ఆ డ్రమ్ముల హోరులో వాళ్లెవరికీ తెలియలేదు. ఆఖరి పేరు అయిపోగానే నూకరాజు చెమట తుడుచుకుంటూ "అదిరిపోనాది!" అని నా స్విచ్చి ఆపేశాడు.

సోమవారం కాయతోపాటు స్వరతంత్రులు కూడా తీసేయాల్సి వచ్చింది. ఆ కాయ మంచిది కాదట. గౌరు ప్రాణంతో ఇంటికొచ్చాడు. గొంతు రాలేదు. మాట్లాడితే గాలి మాత్రం వస్తుంది, సైకిలు ట్యూబులోంచి వచ్చినట్టు.

గొంతునూ వాయిద్యాలనూ కలిపి పాటను పొందించడానికి నూకరాజు కూర్చున్నప్పుడు గౌరు పక్కనే ఉన్నాడు, చేతిలో పలక. పేర్లు వచ్చినచోట ఇద్దరూ ముందుకు వంగారు. మళ్లీ విన్నారు. మళ్లీ విన్నారు. గౌరు పలకమీద రాశాడు: "ఒక్క పేరూ తెలీట్లేదు."

నూకరాజు నాలుగు రోజులు తంటాలుపడ్డాడు. వాడు చేసిన పని తక్కువేమీ కాదు. కంప్యూటరులో రివర్బ్ అని ఒకటి ఉంటుంది. శబ్దానికి గది కట్టిపెడుతుంది. చిన్నగది, పెద్దగది, గుడి మండపం, ఏది కావాలంటే అది. ఇంతకుముందు డ్రమ్ములకు పెద్దగది కట్టాడు, ఇప్పుడు కూలగొట్టేశాడు.

"రెండుకాళ్ల డ్రమ్ముకి గది పెద్దదైతే ఒక దెబ్బ ఇంకో దెబ్బని మింగేస్తాదిరా. బురద. అంతా బురద" అన్నాడు. గిటార్లను కూడా ఉత్తవి చేశాడు. చుట్టూ ఉన్నవన్నీ పొడిగా ఉంటే ఎకోలో తడిసిన గొంతైనా విడిగా నిలబడుతుందని వాడి లెక్క. నిజమే, గొంతు విడిగా నిలబడింది. కానీ దూరంగా, అయిదుగురు గౌరులు ఒకరినొకరు తోసుకుంటూ. నా కేకలు ఆ గొంతులోనే కలిసిపోయి ఉన్నాయి. పాలల్లో పోసిన నీళ్లను ఏ చేత్తో తీస్తారు?

అయిదోరోజు నూకరాజుకు నేను గుర్తొచ్చాను. కళ్లు వెలిగాయి. "ఒరే, ఆ రోజు పాటవ్వగానే స్విచ్చి కట్టేశాను. దీని రిబ్బను మీద ఆఖరి పేర్లు ఉత్తవే ఉంటాయి! ఎకో అన్నది బయటికొచ్చే తీగలో కదా, రిబ్బను మీద రాసింది ఆడి గొంతే!"

నిజమే. ఉన్నాయి. గురువులు, చిన్నంనాయుడు, రెండు పేర్లు శుభ్రంగా, ఊపిరితో సహా, నాలో ఉన్నాయి. అన్ని రోజులూ వాటిని కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. కానీ వాడు ఒకటి మరిచిపోయాడు. రాసే హెడ్డుకు ముందు నాకు ఇంకో హెడ్డు ఉంది, పాతదాన్ని చెరిపేది. రిబ్బను దాని ముందునుంచి వెళ్లాకే చదివే హెడ్ల దగ్గరికి చేరుతుంది. రిబ్బను ఊడదీసి వేరే టేప్‌రికార్డరులో పెడితే పేర్లు దక్కుతాయి. లేదా ఆ చెరిపే హెడ్డు తీగ ఒకటి పీకితే చాలు. మీరాసాహెబు అయితే నిద్రలో కూడా ఆ తీగ పీకేవాడు. నేను ఏం చేయను? నాకు నా సొంతమాట ఒక్కటీ లేదు. నూకరాజు చెయ్యి స్విచ్చి మీదికి వస్తుంటే చూస్తూ ఉన్నాను.

రిబ్బను తిరిగింది. స్పీకరులో బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

అప్పుడు నూకరాజుకు చెరిపే హెడ్డు గుర్తొచ్చింది. "సెరిపేశాను. నా సేత్తో నానే సెరిపేశాను, గౌరూ" అని నేలమీద చతికిలబడ్డాడు. గౌరు వాడి భుజంమీద చెయ్యి వేశాడు, అంతే. తరవాత లేచి, నా తీగలు రెండూ ఊడదీశాడు. మైకును తిన్నగా కంప్యూటరుకు తగిలించి దానిముందు కూర్చున్నాడు. పలకమీద రాశాడు: "గాలితో చెబుతా. పట్టు."

గర్జించే గొంతు వెనక గుసగుస కలిపితే అక్షరాలు తేటపడతాయని మెటల్ పాటలు పొందించేవాళ్లకు తెలుసు. గుసగుసకు రివర్బ్ ఉండదు, ఎకో ఉండదు. చెవి పక్కన నిలబడి చెప్పినట్టుంటుంది. గౌరు మైకుకు పెదవులు ఆనించి చెప్పాడు. లచ్చన్న. పోలినాయుడు. రాములు. అప్పలసూరి. పేరుపేరుకూ ఆగి ఊపిరి తెచ్చుకున్నాడు. గురువులు అనేసరికి దగ్గు పట్టుకుంది. నోటికి అడ్డంపెట్టుకున్న తువ్వాలుకు నెత్తురంటింది.

"సాలు! ఆపీరా!" అని నూకరాజు మైకు లాగేశాడు. గౌరు తల అడ్డంగా ఊపుతూ ఒక వేలు చూపించాడు. ఒకటి మిగిలింది. తండ్రిది. నోరు తెరిచాడు. గాలి కూడా రాలేదు.

"నాను సెప్పీనా?" అన్నాడు నూకరాజు.

"నువ్వెందుకు?" అంది, క్యారియరుతో వచ్చి మూల కూర్చున్న అప్పయ్యమ్మ.

వాళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పెళ్లయిన నాటినుంచీ ఆవిడా పలకలేదు. కార్ఖానావాళ్లు కాగితాల కోసం "చనిపోయినాయన పేరు?" అని అడిగితే రేషనుకార్డు తీసి వేలు పెట్టి చూపించిందట. ఆయన పోయాక పేరు పలికితే తప్పేముందని ఇరుగుపొరుగువాళ్లు అంటే, "పోతే మట్టుకు మొగుడు కాకుండా పోతాడేటి?" అందట.

క్యారియరు పక్కన పెట్టి, చీరకొంగు భుజంమీద సర్దుకుని వచ్చి కొడుకు ఖాళీ చేసిన పీటమీద కూర్చుంది. మైకును అనుమానంగా చూసింది. "దీనికేసి సూసి సెప్పాలా?"

"ఎలగ సెప్పినా పర్లేదు పిన్నీ."

ఆవిడ గోడవైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది. కింద కొట్టులో ఎవరో ఇనప ఊచలు దించుతున్నారు.

"చిన్నంనాయుడు" అంది.

మామూలుగా అంది. పిలిచినట్టూ కాదు, ఏడ్చినట్టూ కాదు. ఎవరో అడిగితే జవాబు చెప్పినట్టు అంది. చెప్పగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నూకరాజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పట్టినదాన్ని విన్నాడు. తరవాత మెల్లగా, "పిన్నీ, కింద ఊచల సప్పుడు పడిపోయినాది. ఇంకొక్కపాలి సెప్తావేటి?" అన్నాడు.

"సెప్పను. ఒక్కపాలే."

"పిన్నీ..."

"ఊచల సప్పుడుంటే ఉండనీ. ఆయనకి కొత్తేటి?"

కార్ఖానా గేటు దగ్గర ఆ పేరు ఊచల చప్పుడుతోనే వినబడిందట. నన్ను ఎవరూ తీసుకెళ్లలేదు. నూకరాజు తీగలు మళ్లీ తగిలించలేదు. బొంత కప్పి అటకమీద పెట్టాడు. వాణ్ని తప్పుపట్టను. నేను ఎన్నో వేల మాటలు తిరిగి చెప్పాను, ఎవరు ఏమన్నా అయిదుసార్లు చెప్పాను. ఆవిడ అన్నది మాత్రం నాలోకి రాలేదు. నా తీగలు ఊడి ఉండగా, గదికి అవతలి పక్కనుంచి, మీలాగే నేనూ ఒక్కసారే విన్నాను.