కింద కాయలున్న ఆకు

పచ్చకామెర్ల మందు నూరేటప్పుడు నోరు మెదపకూడదని మా అత్తగారు మీనాక్షమ్మ శాసనం. ఆకు పేరు బయటికి పొక్కితే గుణం పోతుందట. గుడియాత్తం బజారులో మా నాటుమందుల అంగడి మూడు తరాలుగా ఆ మందు మీదే నిలబడింది. కోడి కూయకముందే పెరట్లో ఆకు కోసేదీ, కడిగేదీ, నూరి రసం పిండి మజ్జిగలో కలిపేదీ నేను. అంగడిలో కూర్చుని లోటా అందించేది మా ఆయన గోపాలకృష్ణన్. జనం మాత్రం శెట్టిగారి చేతివాసి అంటారు. పద్నాలుగేళ్ళుగా వింటున్నాను. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైంది, ఈమధ్య మళ్ళీ మండుతోంది.

మా ఆయన తాతగారి మందుల పుస్తకం తెలుగులో ఉంది. ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. మా పుట్టింటి పలమనేరు పోయినేడే ఆంధ్ర రాష్ట్రంలోకి పోయింది, నేను చదివింది అక్కడి బడిలో. మా ఆయనది అరవ చదువు. రోజూ ఆ పుస్తకానికి గంధం పెడతాడు. అందులో ఏముందని నన్ను ఒక్కనాడూ అడగలేదు.

ఆ నెల నేను బయట చేరిన రెండో రోజు పొన్నమ్మ వచ్చింది. వేలూరులో కట్టడం పని చేసే మేస్త్రీ అంకప్ప భార్య. ఆరు నెలల కడుపు, కళ్ళు పచ్చగా పండిపోయి ఉన్నాయి. మామూలుగా నా మూడు రోజులూ మందుకు సెలవు. ఆమెను తిప్పి పంపడానికి మనసొప్పక మా ఆయన తానే ఆకు కోశాడు. చూపు మందగించిన అత్తగారు నూరడానికి కూర్చుంది. కొట్టం పక్కన చాప మీద నుంచి చూశాను. చూపుకు అదే ఆకు. కానీ పుస్తకంలో రాసినట్టు రెమ్మ కింద కాయలు లేవు. వేరే కలుపు మొక్క.

అది కాదని చెప్పాను.

"మూడు తరాల చెయ్యి నాది. బయటుండేదానివి, నోరు మూసుకోనుండు" అన్నాడు.

ఆ రసం కడుపుతో ఉన్న మనిషిని ఏం చేస్తుందో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లే భయం వేసింది. లేచి, సరైన మొక్కను వేళ్ళతో సహా పెరికి, పక్క సందులోంచి అంగడి ముందుకు వెళ్ళాను. మైల మనిషిని చూసి సరుకులకు వచ్చినవాళ్ళంతా దూరం జరిగారు. మంచిదే, దారి దొరికింది. పొన్నమ్మ చేతికి అప్పుడే లోటా వచ్చింది.

"తాగొద్దమ్మా, అది వేరే ఆకు. ఇదో, ఇది కీళానెల్లి, మన మాటలో నేల ఉసిరి. ఆకు తిప్పి చూడు, కింద వరసగా కాయలుండాల. మీ ఇంటెనక గూడా మొలిచుంటాది. కడుపుతో ఉండావు, ముందు వేలూరు పోయి డాక్టరమ్మకు చూపించు. ఆమె సరేనంటేనే తాగు."

పొన్నమ్మ లోటా కింద పెట్టి, మొక్క అందుకుని ఆకు తిప్పింది. దూరం జరిగినవాళ్ళు కూడా మెడలు చాచారు. అత్తగారు లోపల్నుంచి శాపనార్థాలు మొదలుపెట్టింది. మా ఆయన తల పట్టుకున్నాడు.

"పేరు చెప్పేసినావే. ఇంక మన అంగడికి యెవురొస్తారు?"

"వస్తారు" అన్నాను. "వచ్చి నన్ను అడుగుతారు."