ఎలుక గూడు తీసిన చేత్తో

బండిని ట్రాలీ మీంచి దింపినప్పుడే నాకు వాసన కొట్టింది. ఏళ్ళ తరబడి మూసిపెట్టిన కొట్టుగది తలుపు తీస్తే వచ్చే ముక్కిన వాసన, దానికి తోడు పాడైపోయిన పెట్రోలు. మా ఆయన పుట్టకముందు తయారైన మోటార్‌సైకిల్ అది. టైర్లు పగిలి, సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చి, సైలెన్సర్‌కి చిల్లులు పడి ఉంది. ఆయన మాత్రం చెప్పులు విప్పి మరీ దాని చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

"ఎక్కడ పెడతారు దీన్ని?" అన్నాను.

"పెరట్లో. కుళాయి దగ్గరైతే నీడ ఉంటుంది."

కుళాయి దగ్గర నేను అత్తయ్య దుప్పట్లు ఉతుకుతాను. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచం పట్టినప్పట్నుంచీ అక్కడ ఓ బకెట్ నిండా దుప్పట్లు, పాతగుడ్డలు నానుతూనే ఉంటాయి. ఆవిడకి మాట బాగానే ఉంది, బుర్ర అంతకన్నా బాగుంది. నడుము నుంచి కిందికి మాత్రం తనంత తాను కదల్లేదు. ఎత్తడం, తిప్పడం, తుడవడం, మార్చడం అన్నీ నేనే. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "ఎలా ఉన్నావమ్మా?" అని, జవాబు వచ్చేలోపే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోతాడు.

"నా వల్ల కాదే. నాకు వాంతొస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే," అంటాడు. అదేదో పుట్టుకతో అబ్బిన గొప్ప గుణమైనట్టు.

బండి వచ్చిన వారమే నా ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. పిత్తాశయంలో రాళ్ళు. నొప్పి మొదలైతే గోడ పట్టుకుని నిలబడిపోతున్నాను. ఇంకా నాన్చితే లోపల చీము పడుతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఆ తర్వాత నెల దాకా బరువు ఎత్తకూడదంది. ఆసుపత్రిలో నా పక్కన మా చెల్లెలు ఉంటానంది. ఇంట్లో అత్తయ్య పక్కన ఎవరు?

పరాయి మనిషి చెయ్యి ఒంటి మీద పడితే అత్తయ్య ఊరుకోదు. ఓసారి ఆయాని పెట్టి చూశాం. ఆవిడ తిట్లు పడలేక ఆ ఆయా మధ్యాహ్నానికే కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. "నా కొడుకున్నాడు కదా, వాడికేం చేతుల్లేవా?" అంటుంది అత్తయ్య.

అదే మాట ఆయనతో అన్నాను. "కాస్త నేర్చుకోండి. నేను పక్కనుండి చూపిస్తాను."

ఆయన స్పానర్‌తో ఏదో బోల్టుని బతిమాలుతున్నాడు. తలెత్తకుండా, "ఆ ఆపరేషనేదో కొన్నాళ్ళు వాయిదా వేయించుకోకూడదూ? బండి ఓ కొలిక్కి రానీ, అప్పుడు చూద్దాం," అన్నాడు.

వెటకారం అనుకున్నాను. కాదు, నిజంగానే అంటున్నాడు.

మర్నాడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాడు. లోపల ఎలుక గూడు. దూది, కొరికిన కాగితాలు, ఎలుక పెంటికలు, వాటి మధ్య ఎండి అట్టకట్టిన ఎలుకపిల్లలు. ఒట్టి చెయ్యి పెట్టి మొత్తం ఉండలా బయటికి లాగాడు. రాని దాన్ని గోటితో గీకాడు.

"చూశావా? గాలెలా పోతుంది మరి! ఊపిరాడక చచ్చింది పాపం, పిచ్చిముండ," అన్నాడు ఇంజనుని నిమురుతూ. ఆ చేత్తోనే నేను తెచ్చిన టీ కప్పు అందుకున్నాడు.

ఖాళీ కప్పుని కొంగు అడ్డం పెట్టి తీసుకున్నాను. అత్తయ్య దుప్పట్లు ఉతికేటప్పుడు ఎప్పుడూ ఏదీ అడ్డం పెట్టుకోలేదు.

తర్వాత ట్యాంకు. అడుగున మిగిలిన పెట్రోలు తీయడానికి రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. నోట్లోకి వస్తే తుపుక్కున ఉమ్మి, మళ్ళీ పీల్చాడు. నిలవున్న పెట్రోలు జిగురై కార్బరేటర్ రంధ్రాలు పూడుకుపోయాయట, నా పళ్ళ బ్రష్షుతో వాటిని తోమాడు. పాతదనుకున్నాడట. ఇంజనులోంచి నూనె దింపడానికి పిండి కలిపే బేసిన్ పట్టుకుపోయాడు. నల్లగా, చిక్కగా, ముద్దలు ముద్దలుగా దిగిందది. అందులో వేలు ముంచి, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మరీ చూశాడు.

"ఇనుప పొడి లేదే! లోపల గేర్లు బంగారంలా ఉన్నాయన్నమాట."

నేను దుప్పటి పిండుతున్నాను. ఆయన మొహం చిట్లించి, "ఇదుగో, నీ బకెట్ కాస్త అటు మూలకి జరుపు. ఆ కంపులో పని చేయలేకపోతున్నాను," అన్నాడు.

పెరటి వైపు కిటికీ అత్తయ్య మంచం పక్కనే ఉంటుంది.

"ఒరేయ్! అది నా కంపేరా!" అని లోపల్నుంచి కేక. "నీ కంపు నేను ఏళ్ళ తరబడి కడిగాను. ఒక్కనాడైనా ముక్కు మూసుకున్నానా?"

"పిల్లల సంగతి వేరమ్మా."

"వేరే మరి. నేను కదలకుండా పడుంటాను. నువ్వు కాళ్ళు కూడా ఆడించేవాడివి, మొహం మీదికి చిమ్మేది."

ఆయన పెద్దగా నవ్వాడు. అమ్మ భలే మాట్లాడుతుందని నాకేసి చూసి కన్నుగీటాడు. మళ్ళీ బేసిన్‌లో వేలు పెట్టాడు. నేను బకెట్ జరపలేదు. సబ్బునీళ్ళు ఆయన పాదాల కిందుగా పారబోశాను. ఆయన కాళ్ళు ఎత్తి పెట్టుకున్నాడు, అంతే.

రోజూ అడుగుతూనే ఉన్నాను. "ఇవాళ ఒక్కసారి లోపలికి రండి." ఓ రోజు చేతులకి గ్రీజు అన్నాడు. ఓ రోజు క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తుంటే వదిలి రాలేనన్నాడు. మొత్తానికి ఓ సాయంత్రం బండి స్టార్టయింది. ఇల్లంతా నీలం పొగ. "బతికుండగానే పొగ పెడుతున్నాడే వీడు నాకు!" అని అత్తయ్య దగ్గుతూ అరిచింది. ఆయన ఆ పొగ మధ్య నిలబడి, ఇంజను చప్పుడుకి తల ఊపుతూ, చెవి దానికి ఆనించినంత పని చేశాడు.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు రానే వచ్చింది. ఆయన ఏమీ నేర్చుకోలేదు. నేను సంచీ సర్దుకుని వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. పక్కటెముకల కింద నొప్పి మెలిపెడుతోంది. నోరంతా చేదు.

"అమ్మాయ్!" అని అత్తయ్య పిలిచింది.

ఆ పిలుపు ఎందుకో నాకు తెలుసు. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. బలవంతాన కూర్చున్నాను. ఇప్పుడు లేస్తే మధ్యాహ్నమూ లేస్తాను, రేపూ లేస్తాను. ఇక ఆసుపత్రికి వెళ్ళేది ఉండదు, లోపల చీము పట్టేదాకా.

పెరట్లోంచి ఆయన, "అమ్మ పిలుస్తోంది," అన్నాడు.

"మిమ్మల్నే."

"అమ్మాయ్ అంది. నేను అమ్మాయినా?"

"ఇవాళ్టినుంచి మీరే అమ్మాయి. అన్నీ మంచం పక్కన పెట్టాను. దుప్పటి, గుడ్డలు, వేణ్ణీళ్ళు."

"అబ్బ, ఏంటే ఈ మొండితనం? వాంతొస్తుందని చెప్పానా?"

"చేసుకోండి. అదీ మీరే తుడవాలి."

అత్తయ్య ఈసారి "ఒరేయ్," అని పిలిచింది. ఎప్పటి కేక కాదు. ఆ గొంతులో బెరుకు ఉంది. అన్నాళ్ళూ కొడుకు చేయాలన్న మనిషి, తీరా ఆ వేళ వచ్చేసరికి సిగ్గుపడుతోంది.

ఆయన తువ్వాలు మూతికి కట్టుకుని, నన్ను మింగేసేలా చూసి లోపలికి వెళ్ళాడు. వాంతి చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. "అటు కాదురా, ఇటు తిప్పు," అని అత్తయ్య మాట ఒకటి వినిపించింది. తర్వాత అదీ లేదు. గోడ పట్టుకుని వెళ్ళి చూశాను.

తువ్వాలు మెడలోకి జారి ఉంది. పైకి లాక్కోలేదు. తడిసిన దుప్పటిని ఆవిడ వీపు దాకా చుట్టి, కొత్తదాని అంచు దాని పక్కనే పరిచి, భుజం కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి వేసి ఒక్క ఊపున, మెత్తగా, ఇవతలికి దొర్లించాడు. ఇంజను మూత కింద గాస్కెట్ అట్ట పరిచేటప్పుడు చూసుకున్నట్టే ముడత లేకుండా లాగాడు. నాకు ఆ దొర్లించడం చేతనవడానికి చాలా కాలం పట్టింది. అత్తయ్య మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఇక్కడ తుంటి మీద ఎర్రగా కమిలిందేంటమ్మా? ఎప్పట్నుంచి?" అన్నాడు, వంగి దగ్గరగా చూస్తూ.

"చూసే దిక్కేదిరా," అంది ఆవిడ చెయ్యి తీయకుండా.

నేను రోజూ మందు రాసే చోటే అది.

ఆయన బయటికొచ్చి కుళాయి కింద మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అంత కష్టమేం కాదే! ఊరికే భయపడ్డాను. వాసన కూడా కాసేపే, తర్వాత తెలీనే తెలీదు."

నేను కోరుకున్నది జరిగింది. నిశ్చింతగా వెళ్ళొచ్చు. కానీ నాకు సంతోషం రాలేదు. ఒళ్ళంతా అసహ్యం పాకింది. ఈయన వల్ల కాదనే కదా ఇన్నాళ్ళూ సర్దుకున్నాను. ఎవరికైనా చెప్పేటప్పుడు కూడా, పాపం ఆయన చూడలేడు, తట్టుకోలేడు అని వెనకేసుకొచ్చాను. చూడగలడు. తట్టుకోగలడు. నాకన్నా ఒడుపుగా చేయగలడు. కాసేపే పట్టింది.

వీధిలో టాక్సీ హారన్ కొట్టింది.

"టాక్సీ ఎందుకు, బండి మీద దింపేసి వస్తాను పద. ఇప్పుడు ఒక్క కిక్కుకే అందుకుంటోంది," అన్నాడు.

"మీరు ఇంట్లో ఉండండి. మధ్యాహ్నం మళ్ళీ మార్చాలి."

"మళ్ళీనా?"

"సాయంత్రం మళ్ళీ. పడుకునే ముందు మళ్ళీ."

"ఇప్పుడేగా చేశాను!" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదాయనకి. లోపలి గదివైపు ఓసారి, పెరట్లో తళతళలాడుతున్న బండివైపు ఓసారి చూశాడు. ఒకసారి బాగుచేస్తే చాలాకాలం నడవాలి కదా, మరి ఇదేంటి అన్నట్టు. "రేపు కూడా ఇలాగేనా?"

నేను సంచీ ఎత్తాను. ఆయన గబగబా చేతులు తుడుచుకుని వచ్చి, "ఇలా ఇవ్వు, నొప్పితో బరువెత్తుతావేంటి," అంటూ అందుకోబోయాడు.

ఆ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. సబ్బు వాసన వేస్తున్నాయి. అయినా ఇవ్వబుద్ధి కాలేదు. నేనే మోసుకుని మెట్లు దిగాను.