నా అడుగులో అడుగు

గొర్రెలు కాచుకునేదానికి పదో తరగతి ఎందుకని మా ఓపెన్ స్కూల్ సెంటర్‌కు పెద్ద అయిన నరసింహప్ప సార్ మొదటిరోజే అడిగాడు. నాకు ముప్పై ఆరేళ్లు. ఆయనకు జవాబు చెప్పకుండా వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను.

ఇంగ్లీషు చెప్పే కల్పన మేడం ఒకరోజు 'లెర్న్' అంటే ఏమిటని అడిగింది. నేర్చుకోవడం అన్నాం.

"అది ఇప్పటి అర్థం. దాని మూలం వెతుక్కుంటూ పాతకాలానికి పోతే, జాడ పట్టి నడవడం అని తేలుతుంది" అంది మేడం.

తప్పిపోయిన గొర్రెల జాడ పట్టి నడవడం నేను ఏడేళ్ల వయసు నుంచి చేస్తున్న పనే కదా.

పరీక్ష ఫారం మీద సార్ సంతకం పెట్టాల్సిన ఆఖరి రోజున, జాతరకని ఆయన పెంచుతున్న పొట్టేలు కనబడకుండా పోయింది. నన్ను క్లాసులో అందరి ముందూ నిలబెట్టాడు.

"నీ మందలో కలుపుకొని పోయినావు కదా వనజాక్షీ. దొంగకు నేను సంతకం పెట్టను."

ఈ పూట తప్పితే నాకు ఏడాది పోయినట్టే. ఏడుపు రాలేదు, మండిపోయింది.

"నాతో రాండి సార్. జాడ నా దొడ్డికి పోతే ఫారం చించేయండి. ఇంక యాడికి పోయినా ఈ పొద్దే సంతకం పెట్టాల."

"అడిగింది న్యాయమే కదా సార్" అంది కల్పన మేడం. అందరూ చూస్తుంటే ఆయనకు కాదనడం కుదరలేదు.

సార్ ఇంటి వాకిట్లోనే పొట్టేలు గిట్ట గుర్తు దొరికింది. ఎడమ వెనక గిట్ట పగిలి ఉంది. గాలికి చెరిగిపోకుండా దాని మీద గంప బోర్లించాను. అది మా గొర్రెలవాళ్ల పద్ధతి. ఇంకొకటీ ఉంది. వెనక వచ్చేవాళ్లు జాడ పట్టేవాళ్ల అడుగులోనే అడుగు వేయాలి, లేకపోతే జాడ చెడిపోతుంది. సార్ రెండడుగులకే పక్కకు తొక్కాడు.

"నా అడుగులో పెట్టండి సార్ కాలు."

పెట్టాడు. తెల్ల ప్యాంటు పైకెత్తి పట్టుకొని, ఎర్రదుమ్ములో, నా వెనకాలే. శనక్కాయ చేను గట్టు దాటి ఎండిన వంకలోకి దిగాం. అక్కడ రాళ్ల మీద జాడ పోయింది.

"అయిపోయిందా నీ చదువు?" అన్నాడు.

గంప కింది గిట్ట గుర్తును మనసులో పెట్టుకొని అవతలి ఇసుకంతా వెతికాను. పగిలిన గిట్ట మళ్లీ కనబడింది. అది నా దొడ్డి వైపు తిరగలేదు. సార్ బామ్మర్ది జయరాం ట్రాక్టర్ షెడ్డులోకి పోయింది. లోపల పొట్టేలు కట్టేసి ఉంది. జయరాం మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

సార్ వంగి పొట్టేలు పగిలిన గిట్టను చూశాడు. నా వైపు తిరిగి, "ఇదంతా యాడ నేర్చుకుంటివి?" అన్నాడు.

"మా నాయన వెనక నడిచి. ఇప్పుడు మీరు నా వెనక వచ్చినట్టే."

ఫారం తీసి ట్రాక్టర్ బానెట్ మీద పరిచాను.

"సంతకం పెట్టండి. దొంగ అన్న మాట మాత్రం ఈడ కాదు, క్లాసులో అందరి ముందర వెనక్కి తీసుకోవాల."

సంతకం పెట్టాడు. క్లాసుకు తిరిగి పోయేటప్పుడు పట్టాల్సిన జాడ ఏదీ లేదు. అయినా ఆయన నా వెనకే నడిచాడు.