ముప్పై రెండు గదులు

ఇస్నాపూర్‌లో సుకుమారి టీచర్ ఇంటికి ఎదురుగానే యాదగిరి బిల్డింగ్. కింద దుకాణాలకు, పైన ఎనిమిది ఇళ్లకు మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చింది. యాదగిరి ఒక్కో ఇంటిని నాలుగు ముక్కలు చేసి ముప్పై రెండు గదులు లేపాడు. అన్నింట్లోనూ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలే. ఎనిమిది ఇళ్లకని వేసిన పైపు అంతమంది వాడకాన్ని ఎక్కడ మోస్తుంది? రెండు రోజులకోసారి డ్రైనేజీ పొంగి గల్లీ నిండేది.

ఒక ఆదివారం చర్చికి బయల్దేరిన సుకుమారి ఆ నీళ్లలో జారి పడింది. యాదగిరిని నిలదీస్తే, "నన్నేం జేయమంటరు టీచరమ్మా? అందరు గట్లనే కట్టుకున్నరు" అన్నాడు. ఆమె ఇంటికెళ్లి, తడిసిన చీరతోనే కూర్చుని మున్సిపాలిటీకి అర్జీ రాసింది. అనుమతి ఎన్ని ఇళ్లకు, కట్టినవి ఎన్ని గదులు, అన్నీ వివరంగా.

ఒక్క సంగతి మాత్రం రాయలేదు. సుకుమారి వాళ్ల మేడ మీద కూడా ఒక ఇంటికే అనుమతి. మధ్యలో గోడ పెట్టి రెండు చేసి, రెండూ కిరాయికి ఇచ్చారు.

మూడు వారాలకు మున్సిపాలిటీ వాళ్లు వచ్చారు. నోటీసు ముందే అందినా యాదగిరి గదుల్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రంలోగా అందరూ ఖాళీ చేయాలన్నారు. సుకుమారి బడి నుంచి వచ్చేసరికి గల్లీ పొడుగునా స్టవ్వులు, బియ్యం డబ్బాలు, పరుపుల చుట్టలు.

ఇంటి గేటు దగ్గర కౌసల్యమ్మ ఎదురుచూస్తోంది. యాదగిరి గదుల్లో ఒకదానిలో ఉంటుంది, మందుల ఫ్యాక్టరీలో ఊడ్చే పని ఆమెది. తల్లీతండ్రీ లేని మనవరాలు నిషితను తనే సాకుతోంది. ఆ పిల్ల ఏడో తరగతి, సుకుమారి క్లాసులోనే.

"టీచరమ్మా, ఎవరో మా మీద దరఖాస్తు పెట్టిండ్రంట. పిల్ల పరీక్షలయ్యేదాక జెర ఆగుమని ఓ కాయిదం రాసియ్యుండ్రి. మీ చేతితోని రాస్తే ఇంటరు."

సుకుమారి లోపలికి వెళ్లింది. కాగితం తెచ్చి రాసింది. తనే తీసుకెళ్లి గల్లీలో నిలబడ్డ ఆఫీసరుకు ఇచ్చింది. అతను చదివి, అర్జీలోదీ అదే చేతిరాతని గుర్తుపట్టి ఆమె వైపు చూశాడు. తర్వాత తలెత్తి ఆమె మేడ మీద ఉన్న రెండు తలుపులనూ చూశాడు.

"అర్జీ పెట్టినోళ్ల పేరు మేం బయటికి చెప్పం మేడం" అన్నాడు మెల్లగా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ చేయించే పని ఆగలేదు.

సుకుమారి కూడా అర్జీ తనదని కౌసల్యమ్మకు చెప్పకుండానే ఇంట్లోకి వెళ్లింది. 

"మన మేడ మీది గోడ కూడా కొట్టేద్దాం" అంది భర్తతో.

"కొట్టేద్దాం. ఆ ఇద్దరిట్ల ఎవర్ని పొమ్మంటవ్?" అన్నాడు సుందర్‌రాజు. గోడ అలాగే ఉండిపోయింది.

నిషిత బడికి రావడం మానేసింది. పదకొండో రోజున వాళ్లు వెలిమెలలో ఉన్నారని తెలిసి సుకుమారి బస్సెక్కింది. కడుతున్న అపార్ట్‌మెంట్ పక్కన రేకుల షెడ్డు. కౌసల్యమ్మ ఆమెను చూసి లేచి, కూర్చోమని బకెట్ బోర్లించి వేసింది. సుకుమారి కూర్చోలేదు.

"కౌసల్యమ్మా, ఆ దరఖాస్తు పెట్టింది నేనే."

బోర్లించిన బకెట్ మీద కౌసల్యమ్మ తనే కూర్చుంది.

"నీళ్లు పొంగుతుండెనని నాకెర్కలేదా? రోజు ఎత్తిపోసింది నేనే గద. రాసుడు తప్పు గాదు టీచరమ్మా. గని మూడు వారాలు మా పిల్ల మీ ముందలనే కూసున్నది. ఒక్క మాట చెప్పకపోతిరి."

"పరీక్షలయ్యేదాక నిషితను మా ఇంట్లో ఉండనియ్యి. నేను చూసుకుంట."

ఆ మాటకు నిషితే షెడ్డు లోపలి నుంచి జవాబిచ్చింది. "వద్దు మేడం. నేను నాయినమ్మ దగ్గరనే ఉంట."

సుకుమారి బతిమాలలేదు. మర్నాడు సెలవు పెట్టి, తన బడిలో నిషిత టీసీ తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని వెలిమెల బడికి వెళ్లింది. పిల్లను చేర్చుకోమని అక్కడి హెడ్మాస్టరును ఒప్పించింది. ఫారం తనే నింపసాగింది. బడి మారడానికి కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పక్కన నిలబడిన నిషిత ఆ గడినే చూస్తోంది.

"నివాసం మారినందున" అని రాసి, తల ఎత్తకుండా కింద సంతకం పెట్టింది.