మూతి కుట్టినవాడు

తిమోతి టిఫిన్ గిన్నె మూతలో తడిగుడ్డ విప్పి, లోపలి శనగల మీద నీళ్ళు చిలకరించి, మళ్ళీ మడిచి కిటికీలో పెట్టాడు. ఆళ్ళగడ్డ గోడౌను నుంచి ఏ లాటు నమూనా వచ్చినా గుప్పెడు నానేయడం అతని అలవాటు. చెయ్యమని చెప్పినవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు.

తర్వాత కంప్యూటరు తెరిచాడు. నంద్యాలలోని ఆ విత్తనాల కంపెనీలో కొత్తవాళ్ళకు పాస్‌వర్డ్ ఇచ్చేది, పోయినవాళ్ళ దారి మూసేది, నిన్న ఎవరు ఏ అంకె మార్చారో పొద్దున్నే చూసేది అతనే. ఆడి తప్పినా ఆడిట్ తప్పదని తనలో తానే నవ్వుకునే బక్క మనిషి. చూపుడువేలి మీద దబ్బనం దిగిన పాత మచ్చ. బస్తాలకు మూతి కుట్టే పనిలో చేరి ఈ కుర్చీ దాకా వచ్చాడు. బస్తాలతోపాటు తన మూతీ కుట్టేసుకున్నాడని భార్య రూతు దెప్పుతుంది.

ఈ పూట నవ్వు రాలేదు. సంజామల రైతులకు ఇవాళే వెళ్ళాల్సిన శనగ లాటు; కిటికీలో తడిగుడ్డలో ఉన్నవి దాని గింజలే. మొలక శాతం యాభై రెండు కాస్తా నిన్న ఎనభై రెండయింది. మార్చినవారు: కృపావతి.

ఆళ్ళగడ్డ ల్యాబులో మొలకలు చూసే మనిషి ఆమె. అంకె అలాగే పోతే రైతుల చేలలో సాళ్ళు బోసిపోతాయి. విషయం బయటికొస్తే ఆమె బతుకు బోసిపోతుంది. తిమోతి ముందు కంప్యూటర్లో లాటును ఆపేశాడు. అతను వదలందే అక్కడ బిల్లు రాదు, బిల్లు లేనిదే లారీ కదలదు. అప్పుడు ఫోన్ చేశాడు.

"కృపమ్మా, నిన్న మొలక శాతం మార్చినావా?"

"నేను యాడ మార్చినాన్నా? నిన్న అవుకులో ఉంటి. మా అక్క మనవడికి బాప్తిస్మం. పోతా పోతా మహేష్ సారుకు పాస్‌వర్డ్ చెప్పిపోతి. పని నిలబడగూడదు గదా?"

ఆ ఆఫీసులో లాగిన్ ఎవరు లాగితే వాళ్ళదే. సెలవు పెడితే పక్కింట్లో తాళంచెవి ఇచ్చినట్టు పాస్‌వర్డ్ చెప్పిపోవడం మర్యాద. చెప్పకపోతే 'మా మీద నమ్మకం లేదా?' అని నిష్ఠూరం. ఎంత పాసిపోయినా పాస్‌వర్డ్ మార్చరు. తిమోతికి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆళ్ళగడ్డ మేనేజరు మహేష్ జీపు దిగి నేరుగా లోపలికొచ్చాడు.

"ఏందప్పా తిమోతీ, లారీ నిలబడిండాది. బిల్లు యాడ?"

"లాటు ఆపినా సార్. యాభై రెండును ఎనభై రెండు చేసినారు."

"కృపావతి పేరే ఉండాది గదా. ఆమెను తీసేస్తే సరిపాయె."

"ఆమె నిన్న అవుకులో ఉన్నింది సార్."

మహేష్ ముఖం బిగుసుకుంది. తలుపు దగ్గరికి వేశాడు.

"అయితే మార్పుల చిట్టాలో ఆ గీతే చెరిపెయ్. నీకొక్కనికే గదా చేతనయ్యేది? బేగా కానీ."

విత్తనంలోంచి 'న' తీసేస్తే మిగిలేది విత్తమే. ఇన్నేళ్ళూ కాదనడానికైనా ఆ 'న' పలకనివాడు తిమోతి. ఇప్పుడు కీబోర్డు మీద రెండు పనులు చేశాడు. ఆ మార్పుల చిట్టాను ఓనరుకు పంపాడు. చిట్టా చెరిపే అధికారం తన పేరు మీదనుంచి తానే కొట్టేసుకున్నాడు.

"ఇంక నాకూ చేతగాదు సార్."

మహేష్ తెర వైపు చూశాడు. అతని వైపు చూశాడు. "అట్లయితే నీకు ఈడేం పని?"

"అదీ నిజమే సార్."

కాసేపటికి ఫోన్ మోగింది. కృపావతి. "అన్నా, ఓనరు ఫోన్ చేసినాడంట. బస్తాలు కిందికి దించుతాండారు!"

"మంచిదమ్మా. ఇప్పుడే నీ పాస్‌వర్డ్ మార్చుకో. ఎవురికీ చెప్పాకు, నాకు గూడా."

పోయినవాళ్ళ దారి మూసే పని ఇంకొక్కటి మిగిలింది. తన పేరు వెతికి, దారి మూసి, ఖాళీ టిఫిన్ గిన్నె సంచిలో వేసుకుని తిమోతి వెళ్ళిపోయాడు.

దాని మూత మాత్రం కిటికీలోనే ఉంది. తడిగుడ్డ కింద సగం శనగలు తెల్లగా మొలకెత్తాయి, సగం అలాగే ఉన్నాయి.